అప్‌డేట్: అన్నయ్య పోయాక ఆయనతో కలిసి నడిపిన పనిని వదిలేయడం గురించి

అన్నయ్యా నేనూ కలిసి పదకొండేళ్లు నడిపిన ముద్రణాలయాన్ని, ఆయన మరణించాక నేను మూసివేస్తే అది ఆయనకు ద్రోహం చేసినట్టవుతుందా అని ఎనిమిది నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. దుఃఖానికి ఐదు దశలుంటాయన్న మాటతో నన్ను నేను కొలుచుకోవద్దని అప్పుడు మీలో ఒకరు చెప్పారు. మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను వివరించినది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడిన అనుభవంతోనే గాని, ఆప్తులను పోగొట్టుకున్నవారిని పరిశీలించి కాదని తెలిశాక, ఏ దశలోనూ నిలవలేకపోతున్నానన్న బెంగ చాలావరకు తగ్గింది. దుఃఖంపై పరిశోధన చేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ 1999లో ప్రతిపాదించిన నమూనా నాకు మరింత దగ్గరగా అనిపించింది: మనిషి కాసేపు పోయినవారి తలపుల్లోకీ, కాసేపు మారిన జీవితం కోరే పనుల్లోకీ అటూ ఇటూ కదులుతూ ఉంటాడనీ, ఆ కదలిక సహజమేననీ వారంటారు. పగలు నలుగురితో నవ్వి, రాత్రి ఆయన కళ్లజోడు చూసి ఏడ్వడం కపటం కాదని అప్పుడు నమ్మగలిగాను.

ముద్రణాలయాన్ని గత నెల మూసివేశాను. వదినకు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "ఆయన రెండేళ్ల కిందటే మూసేద్దామనుకున్నారు, నీ కోసమే ఆగారు" అన్నారు. ఆయన కోసమని నేనూ, నా కోసమని ఆయనా ఆ పనిని మోస్తూ వచ్చామన్న సంగతి నాకెన్నడూ తట్టలేదు. ఆ మాటతో ఊరట కలిగిందో, కొత్త దుఃఖం మొదలైందో ఇంకా తేల్చుకోలేకున్నాను. ఆయన చేతిరాత ఉన్న ఆర్డర్ల పుస్తకాన్ని మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.