ఫ్రెంచ్‌లో వాక్యం "యూ-తిల్" (eût-il) అని మొదలైతే అది షరతా, ప్రశ్నా?

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ నవలలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుతున్నాను. నా స్థాయి బీ2 (మధ్యస్థం కంటే కాస్త పైన). ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పే సబ్జంక్టివ్‌కు భూతకాలం) రూపాలు గుర్తుపట్టగలను: పాసే సాంప్ల్ (కథనంలో వాడే భూతకాలం) నుంచే పుడతాయి, ప్రథమ పురుష ఏకవచనంలో అచ్చు మీద టోపీ గుర్తు పడుతుంది. (పలకడంలో ఆ టోపీ వినపడదు, అది వేరే ఏడుపు.)

చిక్కల్లా అవ్వార్ (కలిగి ఉండు) క్రియకు వచ్చే "యూ" పక్కన పార్టిసిపుల్ ("పార్లే" లాంటి, పని అయిపోయిందని చెప్పే రూపం) చేరి ప్లూ-క-పార్ఫే సబ్జంక్టివ్ (అంతకు ముందే జరిగినదాన్ని చెప్పే సబ్జంక్టివ్) అయినప్పుడే. "క" (que, "అని") తర్వాత వస్తే సబ్జంక్టివ్‌గానే చదువుతున్నాను. "సి" (si, "ఒకవేళ") తర్వాత వస్తే "అవే" (avait, అవ్వార్‌కు మామూలు భూతకాలం) అనుకుంటాను: "సిల్ యూ పార్లే" అంటే "అతను మాట్లాడి ఉంటే". రెండూ లేకుండా ప్రధాన వాక్యంలో వస్తే "ఓరే" (aurait, అవ్వార్‌కు "ఉండేవాడు" అనే రూపం) అనుకుంటాను: "ఇల్ యూ ప్రెఫెరే" అంటే "అతను ఇష్టపడి ఉండేవాడు". ఇంతవరకు బాగానే నడుస్తోంది.

కర్త క్రియ వెనక్కి వెళ్ళగానే బోల్తా పడుతున్నాను. "యూ-తిల్ పార్లే" అని మొదలైతే "మాట్లాడి ఉంటే" కావచ్చు, "మాట్లాడి ఉన్నా సరే" కావచ్చు, "మాట్లాడి ఉండేవాడా?" కూడా కావచ్చు. "అవే", "ఓరే" మార్చి మార్చి పెట్టి చూశాను, ఒక్కోసారి రెండూ అతుకుతున్నాయి. క్రియాపట్టికల పుస్తకంలో రూపాలే ఉన్నాయి, వాడుక లేదు. మా టీచర్ "సందర్భం చూడు" అన్నారు. ఆ వాక్యాలేమో ఆరేడు లైన్లు సాగుతాయి, ప్రశ్నార్థకం కనబడేసరికి మొదలు మర్చిపోతాను.

వాక్యం చివరిదాకా పోకుండా, ఆ మొదటి ఉపవాక్యంలోనే ఇది షరతో ప్రశ్నో చెప్పే గుర్తు ఏదైనా ఉందా?