తాతగారి జంట గొట్టాల తుపాకీ: ఈ దసరాకు పేల్చవచ్చునా?

ప్రశ్న (టెక్కలి వాసి):

మా తాతగారు ఈ మధ్యనే కాలం చేశారు. ఆయన పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ పంపకాలలో నా వంతుకు వచ్చింది. తూటాను పేల్చే సుత్తులు బయటికి కనిపించే పాత రకం అది. గొట్టాల పొడవునా నీటి అలల వంటి చారలున్నాయి, అడుగున కిరీటం గుర్తులతో పాటు ‘నాట్ ఫర్ బాల్’ అనే అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏటా ఆయుధపూజకు దానిని తుడిచి నూనె రాయడమే తప్ప, నాకు తెలిసి తాతగారు ఒక్కసారి కూడా పేల్చలేదు. అయితే ఈ దసరాకు పెరట్లో గాలిలోకి రెండు తూటాలు కాల్చాలని మా చిన్నాన్నగారు పట్టుబడుతున్నారు. లైసెన్సు తాతగారి పేరనే ఉండగా, నూరేళ్లు దాటిన వస్తువుకు అసలు లైసెన్సే అక్కరలేదని ఆయన వాదన. పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (పాత తుపాకుల అభిమాని):

మీరు చెప్పిన అక్షరాలే సగం జవాబు ఇస్తున్నాయి. కొసన ఇరుకుగా ఉండే గొట్టంలో ఒంటి గుండు (బాల్) వాడరాదని హెచ్చరిస్తూ ఇంగ్లండులోని ప్రూఫ్ హౌసులు, అంటే తుపాకులను పరీక్షించి ముద్ర వేసే సంస్థలు, 1875 నుంచి 1887 వరకు ఆ మాట చెక్కేవి. ఆ కాలాన్ని బట్టి చూస్తే అది పొగ వచ్చే పాత నల్లటి తుపాకీ మందుకు పరీక్షించిన తుపాకీ. ఇప్పుడు దుకాణాలలో దొరికేవి పొగలేని నైట్రో మందు తూటాలు. పాత మందు వేగంగా రగిలి, తూటా గది దగ్గరే తన ఒత్తిడిని చాలావరకు ఖర్చు చేస్తుంది. నైట్రో మందు మాత్రం గొట్టంలో ఇంకా ముందుకు వెళ్లేదాకా ఒత్తిడిని నిలబెడుతుంది, ఆ తుపాకులలో గోడ పలచబడేది సరిగ్గా అక్కడే.

అలల చారలున్న వాటిని డమాస్కస్ గొట్టాలంటారు. ఇనుప, ఉక్కు కడ్డీలను కలిపి మెలిపెట్టి, ఊచ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి సుత్తితో అతికించేవారు. చూడముచ్చటైన పనితనమే, కానీ ఆ గొట్టం పొడవునా అతుకులే. పాత మందు మసి తేమను పీల్చుకుని లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది కనుక, తాతగారు పైపైన ఎంత మెరిపించినా అతుకుల లోపల ఏముందో కంటికి ఆనదు. గొట్టం పగిలితే మొదట పోయేది దానిని పట్టుకున్న ఎడమ చేయి.

ఇంకొక చిక్కు ఉంది. ఆ కాలపు తూటా గదులు ఎక్కువగా రెండున్నర అంగుళాలవి, అంటే సుమారు 65 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల తూటా మూతి మడిచి ఉన్నప్పుడు పొట్టిగా ఉంటుంది కాబట్టి ఆ గదిలో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. పేలి మడత విప్పుకున్నాకనే చోటు చాలక దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. తూటా పట్టింది కదా అని ధైర్యపడకండి.

జవాబు 2 (విజయనగరం పాఠకుడు):

మరీ భయపెడుతున్నారేమో. ఇంగ్లండులో ఇటువంటి గొట్టాలతోనే ఇప్పటికీ కాలుస్తున్నారు కదా!

జవాబు 3 (పాత తుపాకుల అభిమాని):

నిజమే, కాలుస్తున్నారు. అయితే వారు గోడ మందాన్ని కొలిపించి, నైట్రో మందుకు మళ్లీ పరీక్ష చేయించి, కొత్త ముద్ర వేయించుకున్న తుపాకులనే వాడతారు, లేదా పాత మందుకు సరిపడే తూటాలు వాడతారు. టెక్కలి గారి తుపాకీకి తరువాతి కాలపు నైట్రో ముద్ర కూడా ఉంటే నా మాట కొంత మార్చుకుంటాను. అది కనబడనంత వరకు వద్దనే అంటాను.

జవాబు 4 (శ్రీకాకుళం న్యాయవాది):

గొట్టం సంగతి తరువాత చూద్దాం, ముందు కాగితం ఉండాలి. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇచ్చిన మాట వాస్తవమే. కానీ మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్నవాటికే అది వర్తిస్తుంది, వయసు ఒక్కటే చాలదు. మీ చిన్నాన్నగారు ఆ వాక్యాన్ని సగమే విన్నట్లున్నారు. లైసెన్సుదారు మరణించాక ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకోకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గాని, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో గాని జమచేసి రసీదు తీసుకోవాలి. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల దాకా జైలు.

2016 నాటి ఆయుధాల నియమాలలోని 25వ నియమం కింద వారసుడిగా మీరు లైసెన్సు కోరవచ్చు. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, పాత లైసెన్సు, మిగిలిన వారసుల సమ్మతి సిద్ధం చేసుకోండి. మేనత్తలను మరచిపోకండి, ఇటువంటి దరఖాస్తులు తరచుగా ఆగేది వారి సంతకాల దగ్గరే.

దసరా విషయానికి వస్తే, లైసెన్సు ఉన్నా అది కుదరదు. పండుగలలో, పెళ్లిళ్లలో ఇతరులకు ప్రమాదం కలిగేలా తుపాకీ పేల్చడాన్ని అదే సవరణ ప్రత్యేక నేరంగా చేసింది. దానికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా మీ పక్కనే వలస పక్షుల విడిది తేలినీలాపురం ఉంది, దసరా రోజులకు అక్కడికి కొంగలు, గూడబాతులు చేరుతూ ఉంటాయి.

ప్రశ్నించినవారు:

అందరికీ కృతజ్ఞతలు. చిన్నాన్నగారికి చదివి వినిపించాను. మొదట కోప్పడినా, ఎడమ చేయి మాట దగ్గర కొంత ఆలోచనలో పడ్డారు. తుపాకీని రేపే జమచేసి లైసెన్సుకు దరఖాస్తు పెడతాను, వచ్చినా పేల్చే ఉద్దేశం లేదు. స్టేషన్‌లో ఎన్నాళ్లుంటుందో తెలియదు కనుక, ఇవ్వబోయే ముందు దానికి నూనె వంటిది ఏమైనా పూయాలా?

జవాబు 5 (పాత తుపాకుల అభిమాని):

ముందుగా తెరిచి, రెండు గదులూ ఖాళీగా ఉన్నాయని చూడండి. గొట్టాల లోపల, బయట తుపాకీ నూనె పలుచగా పూయండి, కొబ్బరినూనె మాత్రం వద్దు, అది గడ్డకట్టి జిగురవుతుంది. తూటాలు లేకుండా సుత్తులను ఊరికే టకటకలాడించకండి. ఇచ్చేటప్పుడు ముద్రలు, నంబరు స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసుకుని, అదే నంబరు రసీదులో రాయించుకోండి.