పర్వేసివ్ వర్క్‌గ్రూప్ నుంచి జెన్ సర్వర్‌కి మారాక 116 ఎర్రర్, స్లో, బ్యాకప్ మీద అనుమానం

లెడ్జర్_అడ్మిన్ అడిగారు:

అందరికీ నమస్కారం. బీట్రీవ్ (రికార్డులు దాచే పాత డేటాబేస్ పద్ధతి) ఫైళ్ల మీద నడిచే పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. క్లయింట్లు 14. ఇదివరకు పర్వేసివ్ పీఎస్‌క్యూఎల్ 11 వర్క్‌గ్రూప్ (ఆ ఫైళ్లని చదివి రాసే ఇంజిన్, ప్రతి పీసీలోనూ నడిచే రకం) ఉండేది, డేటా ఒక పీసీలో షేర్డ్ ఫోల్డర్‌లో. ఇప్పుడు విండోస్ సర్వర్ 2019 మీద జెన్ (పర్వేసివ్‌కే కొత్త పేరు) ఎంటర్‌ప్రైజ్ సర్వర్ 15 వేసి, ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, క్లయింట్లలో డ్రైవ్ మ్యాపింగ్ మార్చాం. సమస్యలు ఇవి:

పొద్దున్నే ఒక పీసీలో ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, మిగతావాటిలో స్టేటస్ 116 వస్తుంది. ఆ పీసీ ఆపేస్తే వేరేది తెరుచుకుంటుంది.

కొన్ని క్లయింట్లలో మొదటి స్క్రీన్ రావడానికి అర నిమిషం పడుతోంది.

స్టాక్ లెడ్జర్ ఫైల్ 3.6 జీబీ దాటింది. ఫైల్ వెర్షన్ 6.10 అని చూపిస్తోంది. ఏమైనా ప్రమాదమా?

రాత్రి 11కి ఒక బ్యాచ్ ఫైల్ *.డాట్ ఫైళ్లన్నీ వేరే డిస్క్‌కి కాపీ చేస్తుంది. ఆ వేళకి ఒకరిద్దరు పనిలోనే ఉంటారు. ఇది చాలా?

పాత_రికార్డు:

116 అంటే ఆ ఫైల్ ఇప్పటికే వేరే ఇంజిన్ చేతిలో ఉందని, ఆ ఇంజిన్ గేట్‌వేగా (మిగతావాళ్లు ఆ ఫైల్‌ని దాని ద్వారానే చేరాల్సిన ఇంజిన్‌గా) పనిచేస్తోందని అర్థం. మీ సర్వర్ ఇంజిన్ అసలు ఆటలోకే రావడం లేదు. పాత వర్క్‌గ్రూప్ ఇంజిన్లు క్లయింట్లలో అలాగే ఉండిపోయి ఉంటాయి. క్లయింట్ సర్వర్ ఇంజిన్‌ని అందుకోలేకపోతే, దాని లోకల్ ఇంజిన్ షేర్ మీదుగా ఫైల్‌ని నేరుగా తెరిచి తానే గేట్‌వే అయిపోతుంది. మీ పరిస్థితి చూస్తే ఫైర్‌వాల్ అడ్డుగా ఉందనే నా అంచనా.

ముందు సర్వర్‌లో టీసీపీ 3351 తెరవండి. రికార్డు ఆపరేషన్లన్నీ ఆ పోర్టు మీదే నడుస్తాయి. ఓడీబీసీ (వేరే ప్రోగ్రామ్‌లు డేటా చదివే దారి) రిపోర్టులుంటే 1583 కూడా కావాలి. తర్వాత అందరినీ బయటికి పంపి, సర్వర్ సర్వీస్ ఆపి, డేటా ఫోల్డర్లలో ~పీవీఎస్‌డబ్ల్యూ~.ఎల్‌ఓసీ అనే ఫైల్ ఎక్కడెక్కడ ఉందో వెతికి తీసేయండి. ఫోల్డర్ మొత్తం కాపీ చేశామన్నారు కాబట్టి పాత పీసీ పేరు మోసుకుని అదీ వచ్చే ఉంటుంది. గేట్‌వే ఎవరో చెప్పే ఫైల్ అది. దాన్ని నమ్మిన క్లయింట్ లేని పీసీ కోసం ఎదురుచూస్తుంది.

ఆ తర్వాత ప్రతి క్లయింట్‌లో వర్క్‌గ్రూప్ అన్‌ఇన్‌స్టాల్ చేసి జెన్ క్లయింట్ ఒక్కటే వేయండి. క్లయింట్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ కింద ‘యూజ్ లోకల్ మైక్రోకెర్నల్ ఇంజిన్’ ఆఫ్, ‘యూజ్ రిమోట్ మైక్రోకెర్నల్ ఇంజిన్’ ఆన్‌లో ఉండాలి (మైక్రోకెర్నల్ అంటే ఈ ఇంజినే). లోకల్ ఆన్‌లో ఉంటే ముందు తన మెషీన్‌లోనే ఇంజిన్ కోసం వెతుక్కుంటుంది. ఆ అర నిమిషం ఎక్కువగా అక్కడే పోతుంది. ఇది ఒక్క క్లయింట్‌లో మర్చిపోయినా 116 మళ్లీ తిరిగొస్తుంది, పద్నాలుగూ పూర్తయ్యాకే యూజర్లని లోపలికి రానివ్వండి.

డేటా సర్వర్ సొంత డిస్క్ మీదే ఉండాలి. నాస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే డిస్క్) పెట్టెలో పెట్టి సర్వర్‌కి మ్యాప్ చేసే ఆలోచన ఉంటే మానుకోండి. యాంటీవైరస్ రియల్‌టైమ్ స్కాన్ నుంచి డేటా ఫోల్డర్‌ని మినహాయించడం తప్పనిసరి. లేకపోతే అప్పుడప్పుడు 46 (ఫైల్‌కి అనుమతి లేదు), 85 (ఫైల్ లాక్‌లో ఉంది) వస్తూ, కారణం దొరక్క విసిగిస్తాయి.

బ్యాకప్_చూడు:

మీ పోస్టులో నన్ను భయపెట్టింది 116 కాదండీ, ఆ బ్యాచ్ ఫైల్. 2 జీబీ దాటిన పాత ఫార్మాట్ ఫైల్‌ని ఇంజిన్ ముక్కలుగా విడదీస్తుంది. మీ లెడ్జర్‌కి పక్కనే అదే పేరుతో .^01 అనే ముక్క ఉంటుంది, చూసుకోండి. *.డాట్ మాత్రమే కాపీ చేస్తున్నారంటే ఆ రెండో ముక్క బ్యాకప్‌లో లేదు. మొదటి ముక్క ఒక్కటే ఉంటే ఆ ఫైల్ నిలబడదు. ఈ రోజే ఎవరూ లేనప్పుడు సర్వీస్ ఆపి ఫోల్డర్ మొత్తం కాపీ తీసుకోండి.

యూజర్లుండగా బ్యాకప్ కావాలంటే కంటిన్యుయస్ ఆపరేషన్స్ వాడాలి. ఇంజిన్‌తో వచ్చే కమాండ్ టూల్ బ్యూటిల్‌తో, ఫైళ్ల జాబితా ఇచ్చి సర్వర్ మీదే ‘బ్యూటిల్ -స్టార్ట్‌బీయూ @జాబితా’ నడపండి, కాపీ చేయండి, తర్వాత ‘బ్యూటిల్ -ఎండ్‌బీయూ’. మధ్యలో జరిగిన మార్పులు .^^^ అనే డెల్టా ఫైల్‌లోకి వెళ్లి, ఎండ్‌బీయూ తర్వాత అసలు ఫైల్‌లో కలుస్తాయి. దాన్ని చెత్త అనుకుని ఎవరూ డిలీట్ చేయకూడదు, చేస్తే ఆ రాత్రి ఎంట్రీలు పోతాయి. డెల్టాని బ్యాకప్‌లోకి కూడా తీసుకోకండి. ఇంకో చిక్కు: పేరు ఒకటే, ఎక్స్‌టెన్షన్ వేరు అయిన రెండు ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఉంటే రెండింటి డెల్టా పేరూ ఒకటే అవుతుంది. అలాంటివి ఒకేసారి ఈ మోడ్‌లో పెట్టలేరు.

ఇక సైజు. 6.x ఫార్మాట్ హద్దు 4 జీబీ. ఇంజిన్ కొత్తదైనంత మాత్రాన ఫైల్ ఫార్మాట్ దానంతట అది మారదు. రీబిల్డ్ యుటిలిటీతో 9.5కి మార్చండి, పేజీ సైజు 4096 పెట్టండి, హద్దు 256 జీబీకి వెళ్తుంది. 13.0 ఇంకా పెద్దదే కానీ మీకు అక్కర్లేదు, పాత ఇంజిన్లు దాన్ని తెరవలేవు. రీబిల్డ్ నడిచేటప్పుడు కొత్త కాపీకి సరిపడా ఖాళీ జాగా ఉండాలి, ఫైల్‌ని ఎవరూ తెరిచి ఉండకూడదు. మొదలుపెట్టే ముందు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లని ఒక మాట అడగండి.

లెడ్జర్_అడ్మిన్:

3351 మూసే ఉందండీ. అది తెరిచి, ఎల్‌ఓసీ తీసేసి, క్లయింట్లు మార్చాక 116 పోయింది, స్పీడూ వచ్చింది. .^01 ముక్క నిజంగానే బ్యాకప్‌లో లేదు, ఇప్పుడు పూర్తి కాపీ తీశాం. కానీ రిమోట్ డెస్క్‌టాప్ నుంచి వచ్చేవాళ్లలో చివరివాళ్లకి 161 వస్తోంది. కరెంటు పోతే ఏమవుతుందన్న భయమూ ఉంది.

పాత_రికార్డు:

161 అంటే లైసెన్స్ యూజర్ల లెక్క నిండిపోయింది. రిమోట్ డెస్క్‌టాప్‌లో మెషీన్ ఒకటే అయినా ఒక్కో సెషన్ ఒక్కో యూజర్. మానిటర్ యుటిలిటీలో ఎవరెవరు పట్టుకుని ఉన్నారో కనిపిస్తుంది, చచ్చిన సెషన్లు అక్కడి నుంచే తీసేయొచ్చు. రోజూ నిండుతుంటే లైసెన్స్ పెంచుకోవడమే దారి. ముందు ముందు ఈ సర్వర్‌ని వేరే హార్డ్‌వేర్‌కి మారుస్తే, పాతదాంట్లో కీని డీఆథరైజ్ చేశాకే మార్చండి.

కరెంటు విషయం: ఇనిషియేషన్ టైమ్ లిమిట్ డిఫాల్ట్ 10000 మిల్లీసెకన్లు. అంటే దాదాపు 10 సెకన్ల పని మెమరీలోనే ఉండి, డిస్క్‌కి చేరకముందే పోవచ్చు. ఫైల్ పాడవకుండా ట్రాన్సాక్షన్ లాగింగ్ చూసుకుంటుంది, అది ఆన్‌లోనే ఉంచండి. ముగిసిన ట్రాన్సాక్షన్ ఒక్కటీ పోకూడదంటే ట్రాన్సాక్షన్ డ్యూరబిలిటీ ఆన్ చేయాలి. రాత కొంచెం నెమ్మదిస్తుంది, అకౌంట్స్‌కి ఆ ఖరీదు సబబే. అయితే ఫైల్‌కి డూప్లికేట్ లేని కీ గానీ సిస్టమ్ కీ (ఇంజిన్ తానే చేర్చే కీ) గానీ ఉంటేనే లాగింగ్ పనిచేస్తుంది, ‘బ్యూటిల్ -స్టాట్’లో చూడండి. యూపీఎస్ సర్వర్‌కే కాదు, స్విచ్‌కీ ఉండాలి. స్విచ్ ఆగితే సర్వర్ బతికే ఉన్నా క్లయింట్లకి 3112 (నెట్‌వర్క్ కనెక్షన్ తెగింది) లాంటివి వస్తాయి. ఆటో రీకనెక్ట్‌ని సర్వర్‌లోనూ క్లయింట్లలోనూ రెండువైపులా ఆన్ చేస్తే చిన్న అంతరాయాలు దాటిపోతాయి.

బ్యాకప్_చూడు:

ఒకటి చేర్చాలి. కొత్త బ్యాకప్ తీసిన మర్నాడే దాన్ని వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, పెద్ద ఫైళ్లన్నింటి మీదా ‘బ్యూటిల్ -స్టాట్’ నడపండి. రికార్డుల సంఖ్య అసలు ఫైల్‌తో పోల్చండి. అది సరిపోయినా, ‘బ్యూటిల్ -రికవర్’తో లెడ్జర్‌ని ఒకసారి పూర్తిగా చదివించండి, ఎందుకంటే స్టాట్ పైపై లెక్కే చెబుతుంది, లోపలి పేజీ పాడైతే దానికి తెలియదు. రికవర్ చెప్పిన రికార్డుల సంఖ్య స్టాట్ లెక్క కంటే తక్కువైతే ఆ ఫైల్‌ని రీబిల్డ్‌కి పంపకముందే ఇక్కడ రాయండి.