చెవి నరం గడ్డ ఆపరేషన్ అయి 9 వారాలు. ఈ తల తిరుగుడు తగ్గుతుందా?

మురుగేశ్‌పాళ్య_టైలర్:

అందరికీ నమస్కారమండి. నాకు 44 ఏళ్ళు. సొంతూరు మదనపల్లె. 16 ఏళ్ళుగా బెంగళూరు మురుగేశ్‌పాళ్యలో ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. ఎడమ చెవి నరం మీద గడ్డ ఉంటే చెవి వెనక తెరిచి తీసేశారు. కాగితాల్లో వెస్టిబ్యులార్ ష్వానోమా అని ఉంది. క్యాన్సర్ కాదన్నారు. ఆ చెవి ఇక వినపడదని ముందే చెప్పారు కాబట్టి మనసు గట్టి చేసుకున్నాను. తల తిరుగుడు ఇన్నాళ్ళు ఉంటుందని మాత్రం అనుకోలేదు.

మొదటి వారం పడుకున్నా గది గిర్రున తిరిగేది, వాంతులయ్యేవి. అది పోయింది. ఇప్పుడు కూర్చుంటే బాగానే ఉంటాను, లేచి నాలుగడుగులు వేస్తే ఎడమకి లాగేస్తుంది. మిషన్ ముందు కూర్చుని కత్తెర కోసం పక్కకి చూసి, మళ్ళీ బట్ట వైపు తిరిగేసరికి కుట్టు గీత అలలా కదులుతుంటుంది. అది నిలబడేదాకా సూది కింద చెయ్యి పెట్టాలంటే భయం.

అన్నిటికంటే స్నానమే కష్టంగా ఉంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూస్తే చాలు, నేల పక్కకి జారిపోతున్నట్టుంటుంది. మొన్న సోమవారం చేతికి కొళాయి దొరకబట్టి సరిపోయింది. అప్పటి నుంచి మా అమ్మ బాత్రూం గడియ పెట్టనివ్వదు, మంచం దిగనివ్వదు. "తలకి కత్తి పడిన మనిషివి, మూడు నెలలు కదలొద్దు" అంటుంది. డిశ్చార్జి రోజున రాసిన తల తిరుగుడు మాత్ర ఇప్పటికీ రోజుకి మూడు వేసుకుంటున్నాను. ఎన్నాళ్ళు వాడాలో ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో కుట్ల గురించి ఉంది, దీని గురించి ఒక్క ముక్క లేదు.

పడుకోవాలా, తిరగాలా? ఎవరికైనా ఇలాగే ఉండి తగ్గిందా? దయచేసి చెప్పండి.

లాల్‌బాగ్_నడక:

చెల్లెమ్మా, నాకు 51. మాది నెల్లూరు, ఉండేది జయనగర్. మూడేళ్ళ కిందట నాకు కుడి వైపు ఇదే ఆపరేషన్ చేశారు. మీరు రాసిన ప్రతి మాటా నేను పడ్డాను. తగ్గుతుంది. కానీ పడుకుంటే తగ్గదు.

మా సర్జన్ చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మనం తూలకుండా నిలబడటానికి మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు వెళ్తుంది: కళ్ళు, రెండు లోపలి చెవులు, అరికాళ్ళూ కీళ్ళూ. గడ్డతోపాటు మీ ఎడమ చెవి నుంచి వచ్చే బ్యాలెన్స్ కబురు ఆగిపోయింది. కావడిలో ఒక బిందె తీసేసినట్టు. మోసేవాడు మొదట ఒక పక్కకి ఒరుగుతాడు, నడవగా నడవగా సర్దుకుంటాడు. మెదడూ ఒక్క చెవితో సర్దుకోవడం నేర్చుకుంటుంది. తల కదిలినప్పుడు, కొంచెం తూలినప్పుడే దానికి తన తప్పు తెలుస్తుంది. మంచం మీద ఉంటే నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. ఈ మాట అమ్మగారికి చదివి వినిపించండి. ఆవిడ భయం నాకు తెలుసు, మా ఆవిడా నన్ను అలాగే పడుకోబెట్టింది.

మాత్ర సంగతి రేపే మీ సర్జన్‌ని అడగండి. స్టెమెటిల్ లాంటివి మొదటి రోజుల్లో వాంతులు ఆపడానికి కావాలి. ఎక్కువ కాలం వాడితే మెదడు నేర్చుకోవడం నెమ్మదిస్తుంది. నేను రెండు నెలలు మింగాను. ఆపించాక అయిదు రోజులు చాలా ఇబ్బందిపడ్డాను, ఆ తర్వాతే దారిలో పడ్డాను. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

స్నానం గురించి: కళ్ళు మూయగానే మీకు మిగిలేది అరికాళ్ళు, ఒక్క చెవి. తడి నేల మీద అరికాళ్ళు కూడా సరిగ్గా చెప్పలేవు. అందుకే అక్కడ అంత భయంగా ఉంటుంది. బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు వేసి, గోడకి ఆనించి, కూర్చునే స్నానం చేయండి. సబ్బు ఒక చేత్తో రాసుకుంటూ రెండో చేతి వేలి కొసలు గోడకి తాకించి ఉంచండి. గట్టిగా పట్టుకోనక్కర్లేదు. గోడ ఎక్కడుందో వేళ్ళు చెబుతుంటే ఒళ్ళు నిలబడుతుంది. తల తర్వాత కడుక్కోవచ్చు, కళ్ళు తెరిచి, తల వెనక్కి వంచకుండా, చిన్న చెంబుతో.

నాకు బాగా పనిచేసిన కసరత్తు ఇది. తెల్ల కాగితం మీద పెద్దగా 'అ' అని రాసి, కళ్ళ ఎత్తులో గోడకి అంటించాను. చేయి చాపినంత దూరంలో కుర్చీలో కూర్చుని, చూపు 'అ' మీదే ఉంచి, తల కుడికీ ఎడమకీ, వద్దు అన్నట్టు తిప్పడం. అక్షరం చెదరనంత వేగంతోనే. ఒక నిమిషం చేసి, తల కుదుటపడ్డాక కిందకీ పైకీ ఒక నిమిషం. రోజుకి మూడుసార్లు. మొదటి రోజు 20 సెకన్లకే కడుపులో తిప్పింది. రెండు వారాలకి నిలబడి చేశాను. తర్వాత ఫిజియో ఆ కాగితాన్ని గళ్ళ దుప్పటి మీద అంటించమంది. మళ్ళీ మొదటి రోజులాగే కష్టమయింది, వారంలో అదీ దారికొచ్చింది.

నడక లాల్‌బాగ్‌లో మొదలుపెట్టాను, మా అబ్బాయి పక్కన ఉండేవాడు. చెట్ల కింద ఎండా నీడా చుక్కలు చుక్కలుగా పడిన చోట అడుగు వేయలేకపోయేవాణ్ణి, అందుకని ఎండ రాకముందే వెళ్ళేవాళ్ళం. నాలుగో నెలలో కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ ఎక్కాను, అబ్బాయి భుజం పట్టుకుని. ఆరో నెలలో డాక్టరు సరేనన్నాక స్కూటర్ తీశాను. సూపర్ మార్కెట్ అరల మధ్య నడవడం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికీ చీకట్లో, బాగా అలిసిన రోజున తూలుతాను. రాత్రి బాత్రూం దారిలో చిన్న బల్బు వెలుగుతూనే ఉంటుంది.

చెన్నై_ఫిజియో:

అన్నగారు బాగా చెప్పారు. నేను పెరంబూరులో ఫిజియోని. 1940లలో ఇంగ్లండులో కాథోర్న్ అనే చెవి డాక్టరు, కుక్సీ అనే మరో డాక్టరు కలిసి కూర్చిన కసరత్తులే మేము నేర్పే వాటికి మూలం. అక్కా, కొలత ఒక్కటి గుర్తుంచుకోండి. చేసేటప్పుడు కొంచెం తల తిరగాలి, 15, 20 నిమిషాల్లో తగ్గిపోవాలి. ఆ పూటంతా పాడైతే ఎక్కువ చేసినట్టు, మర్నాడు సగం చేయండి.

మీది వంగి చేసే పని కాబట్టి ఇది తప్పక చెప్పాలి. వంగినప్పుడు ముక్కులోంచి నీళ్ళలాంటివి కారినా, గొంతులోకి ఉప్పగా దిగినా జలుబు అనుకోకండి. మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరంతో మెడ బిగుసుకోవడం, రోజురోజుకీ పెరిగే తలనొప్పి, మళ్ళీ మొదలైన వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, మగత, వీటికీ అంతే. కసరత్తు మొదలుపెట్టే ముందు సర్జన్ అనుమతి తీసుకోండి. మీ బెంగళూరులోని నిమ్హాన్స్ ఆస్పత్రిలో న్యూరో రిహాబిలిటేషన్ విభాగం ఉంది, అక్కడా అడగవచ్చు.

హోసూరు_రోడ్_భర్త:

మా ఆవిడది మెనింజియోమా ఆపరేషన్, అంటే మెదడు పొర మీద వచ్చే గడ్డ, మీది కాదు. మేమూ ప్రతిదానికీ "తల తిరుగుతోంది" అనే చెప్పాం, ఇక్కడి డాక్టర్లకి కన్నడంలో "తలె సుత్తు" అని. రెండు నెలలు తల తిరుగుడు మాత్రలే మార్చి మార్చి ఇచ్చారు. చివరికి ఒక పెద్ద నర్సమ్మ కూర్చోబెట్టి అడిగింది: గది తిరుగుతుందా, నువ్వు తూలుతున్నావా, లేక కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయా? మా ఆవిడకి మూడోది, అది కూడా లేచినప్పుడే. పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూస్తే పై అంకె 130 నుంచి 104కి పడింది. బీపీ మాత్ర తగ్గించారు. ఫిట్స్ మాత్ర మోతాదు కూడా చూశారు, దానివల్ల కూడా తూలుతారట. అందుకని ఏ రకం, ఎప్పుడు, ఎంతసేపు అన్నది చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్ళండి. పక్క మీద ఒత్తిగిలినప్పుడు మాత్రమే అరనిమిషం గిర్రున తిరిగితే అది ఇంకో రకం, లోపలి చెవిలో రేణువులు కదలడం వల్ల వస్తుంది. దానికి తల తిప్పి చేసే వైద్యం ఉంది. వీడియో చూసి ఇంట్లో చేయకండి, ఆపరేషన్ అయిన తల అది.

మురుగేశ్‌పాళ్య_టైలర్:

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇవాళ సర్జన్‌కి ఫోన్ చేశాం. మాత్ర వారంలో మెల్లగా ఆపించేస్తామన్నారు, కసరత్తు చేసుకోమన్నారు. గురువారం ఫిజియోని చూడమన్నారు. నాది తూలడం, తల తిప్పినప్పుడు చూపు చెదరడం అని పుస్తకంలో రాశాను. కళ్ళు చీకట్లు లేవు.

అమ్మకి అంతా చదివి వినిపించాను. కావడి మాట దగ్గర ఆగి, మళ్ళీ చదవమంది. వాళ్ళ నాన్న కావడితోనే నీళ్ళు మోసేవాడు. సాయంత్రం తనే జాకెట్ల కొలతల పుస్తకంలోంచి కాగితం చింపి 'అ' రాసి మిషన్ ఎదురుగా గోడకి అంటించింది. 25 సెకన్లు చేశాను. పది నిమిషాలకి కుదుటపడింది. రేపు పొద్దున వీధి చివర పాల బూత్ దాకా నడుస్తాం, అమ్మ ఎడమ పక్కన ఉంటుంది.