ఐదేళ్లు పదేళ్లయితే నోరు విప్పాలా, ఊరుకోవాలా? (బ్రిటన్)

వానమేఘం:
స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇంగ్లండులో నాలుగో ఏడు నడుస్తోంది. ఇంకో ఏడాది ఓపిక పడితే ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చేస్తుందనుకున్నా. 2025 మేలో ప్రభుత్వంవాళ్లు శ్వేతపత్రం పెట్టి, దానికి ఆగాల్సిన ఐదేళ్లను పదేళ్లు చేస్తామన్నారు. వలసల మీద గొడవ సాగుతుండగా ఆ వేసవిలోనే మా వీధి దీపస్తంభాలకు ఇంగ్లండు జెండాలు వెలిశాయి, చిన్న రౌండబౌట్ మీద ఎవరో ఆ జెండాలోని ఎర్ర శిలువ గీశారు. పక్కింటి పెద్దాయన కూడా కిటికీకి జెండా కట్టాడు. నేను ఆఫీసులో ఉంటే నా పార్సిళ్లు మాత్రం ఎప్పటిలాగే తీసి పెడుతున్నాడు. మొన్న "ఈసారి బాగా బరువుంది" అని నవ్వుతూ గుమ్మం దాకా మోసుకొచ్చాడు. ఆయన్ని చూసి భయపడాలో అక్కర్లేదో తెలియట్లేదు. ఎంపీకి రాద్దామంటే మావారు "వీసా మీదున్నాం, మనకెందుకు" అంటారు. మీరేమంటారు?

పాతకాపు:
మీవారి మాటే నయమమ్మా. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస (వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లను తీసేస్తే) 9 లక్షలు దాటింది. ఇళ్లేవి, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్లేవి అని ఇక్కడి జనం అడగరా? అడిగిన ప్రతివాడూ జాత్యహంకారి కాడు. గోల చేస్తే మనకే చెడ్డపేరు.

రాత్రిడ్యూటీ:
గట్టెక్కినవాళ్లకు లోతు గుర్తుండదు సార్. నేను నర్సుని. ఓ పేషెంటు నా చేత మందులు వేయించుకుంటూనే "మీవాళ్లందర్నీ పంపించేయాలి" అన్నాడు. నా మొహం చూసి "నిన్ను కాదులే" అని సర్దాడు. మొదటి మాట ఎప్పుడో మర్చిపోయా. ఆ "నిన్ను కాదులే" మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది.

లెక్కలమాస్టారు:
వానమేఘం గారూ, రాయండి. మనది కామన్వెల్త్ దేశం కాబట్టి భారత పాస్‌పోర్టుతోనే ఇక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఓటేయొచ్చు. ఫ్రెంచివాళ్లకు ఆ హక్కు లేదు. మనవాళ్లు చాలామంది పేరే నమోదు చేసుకోరు! అప్పనంగా ఏమీ తినట్లేదు కూడా: మీలాంటివాళ్లు మనిషికి ఏటా 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి (ప్రభుత్వ వైద్యం కోసం కట్టే రుసుము) వీసాతోపాటే ముందే కడతారు, పైగా జీతంలో పన్ను.

ఇంకోటి. 2006 ఏప్రిల్‌లోనూ ఇలాగే మధ్యలో రూలు మార్చి నాలుగేళ్లను ఐదు చేశారు. అప్పటికే హెచ్ఎస్ఎంపీ (బాగా నైపుణ్యం ఉన్నవాళ్లకు అప్పట్లో ఇచ్చిన) వీసా మీద వచ్చినవాళ్లు ఊరుకోలేదు, కోర్టుకెళ్లారు. 2009లో హైకోర్టు వాళ్లకు నాలుగేళ్లే వర్తిస్తాయంది. ఈసారీ గెలుస్తామని నేననను. కానీ గోల చేసినందుకు అప్పుడు చెడ్డపేరు వచ్చిందా పాతకాపు గారూ?

పాతకాపు:
రాలేదు.

నేనూ హెచ్ఎస్ఎంపీ మీదే వచ్చాను, 2005 చివర్లో. నాకు నాలుగేళ్లకే ఐఎల్ఆర్ వచ్చింది, ఆ తీర్పు వల్లే. కేసుకి చందా అడిగితే మనకెందుకులే అని ఇవ్వలేదు. వానమేఘం, ఉత్తరం రాశాక ఇక్కడ పెట్టమ్మా. నేనూ మా ఎంపీకి పంపుతాను.