పాత క్వాలిస్: క్లచ్ పెడల్ లేవట్లేదు, బ్రేకు పెడల్ దిగిపోతోంది

ఖమ్మం_క్వాలిస్:
మాది 2003 మోడల్ డీజిల్ క్వాలిస్. నాన్న కొన్న బండి, అమ్మేయమని మాత్రం చెప్పకండి. నెల నుంచి పొద్దున్నే క్లచ్ తొక్కితే పెడల్ కిందే ఉండిపోతోంది, కాలితో పైకి లాగి నాలుగైదు సార్లు కొడితే గానీ గేరు పడదు, రివర్స్ అయితే కర్రుమంటుంది. మెకానిక్ రెండుసార్లు క్లచ్ ఆయిల్ లైన్లో చేరిన గాలి (ఎయిర్) తీశాడు, మూడు రోజులు బాగుండి మళ్లీ మామూలే. ఇప్పుడేమో సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగుతోంది. క్లచ్ డబ్బాలో ఆయిల్ తగ్గుతోంది, బ్రేకుది అలాగే ఉంది. నేల మీద చుక్క లేదు. రెండూ ఒకేసారి పోతాయా?

పాత_పానా:
ముందు బండి బయటికి తీయడం ఆపండి. క్లచ్ పోతే రోడ్డు మీద నిలబడిపోతారు, అంతే. బ్రేకు అలా కాదు.
రెండింటికీ సిలిండర్లు వేరు, కాబట్టి రెండు రిపేర్లు అనుకోండి. క్లచ్‌కి, పెడల్ రాడ్డు పై సిలిండర్‌లోకి వెళ్లే చోట వేలితో తడిమి చూడండి, మ్యాట్ కూడా ఎత్తండి. పొడిగా ఉంటే గేర్‌బాక్స్ పక్కనున్న కింది సిలిండర్ రబ్బరు బూటు వెనక్కి మడవండి, కారిన ఆయిల్ అందులోనే దాక్కుంటుంది, అందుకే నేల మీద పడదు. లీకు అలా ఉంచి ఎన్నిసార్లు ఎయిర్ తీసినా ఇంతే.
బ్రేకు సంగతి, ఆయిల్ తగ్గకుండా పెడల్ దిగుతుందంటే నా అనుమానం మాస్టర్ సిలిండర్ మీదే, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని బ్రేకులకు నెట్టే సిలిండర్, లోపలి వాషర్లు అరిగి ఆయిల్ లోలోపలే వెనక్కి జారుతుంది. స్టార్ట్ చేయగానే ఒకసారి కొంచెం దిగడం మాత్రం తప్పు కాదు, అది బూస్టర్ (తొక్కే బలాన్ని పెంచే డబ్బా) పని. తొక్కి పట్టుకున్నా దిగుతూనే ఉంటేనే భయం.

గోదారి_గేరు:
పానా గారు చెప్పింది కరెక్ట్. ఇంకో మాట, మధ్యలో ఎవరైనా డబ్బాలో స్టీరింగ్ ఆయిల్ గానీ ఇంజిన్ ఆయిల్ గానీ పోశారేమో కనుక్కోండి. మా సుమోలో ఒక డ్రైవర్ పోశాడు, రబ్బర్లన్నీ ఉబ్బి మొత్తం మార్చాల్సి వచ్చింది. గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు వేయండి, బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, వేరే ఆయిల్ అయితే పైన తేలుతుంది. పెయింట్ మీద పడనివ్వకండి, ఊడొస్తుంది.

ఖమ్మం_క్వాలిస్:
థాంక్స్ అన్నా. బూటు మడిస్తే నల్లటి ఆయిల్ కారింది. గ్లాసు టెస్టు ఓకే. మెకానిక్ రెండింటికీ కిట్, అంటే సిలిండర్ అదే ఉంచి లోపలి రబ్బర్లు మాత్రం కొత్తవి వేస్తే చాలంటున్నాడు?

పాత_పానా:
క్లచ్‌కి సరే, అదీ సిలిండర్ లోపల గీతలు, తుప్పు లేకపోతేనే. బ్రేకుకి మాత్రం కొత్త మాస్టరే వేయించండి, అక్కడ పిసినారితనం వద్దు. పాత ఆయిల్ మొత్తం తీయించి సీలు విప్పని డబ్బా పోయించండి, ఏ గ్రేడు అన్నది మూత మీదే ఉంటుంది.

ఖమ్మం_క్వాలిస్:
మాస్టర్ శుక్రవారం వస్తుందట. అప్పటిదాకా బస్సే.