అమ్మానాన్నలతో అలాస్కా క్రూజ్: ఏ పోర్టులున్న రూట్ వద్దనుకోవాలి?

బందరు అబ్బాయి (ఆస్టిన్)

అందరికీ నమస్కారం. అమ్మానాన్న మే నెలలో బందరు నుంచి వస్తున్నారు. నాన్నకి 69 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. చదునుగా ఉంటే అరగంట నడుస్తారు, మెట్లంటే మాత్రం కష్టం. అమ్మకి చల్లగాలి తగిలితే దగ్గు వస్తుంది.

నాన్న ఆర్టీసీలో ముప్పై ఏళ్లు పనిచేశారు. తన కోసం ఫలానాది కావాలని ఎప్పుడూ అడగలేదు. మొన్న ఫోన్‌లో ఉన్నట్టుండి, "మంచుకొండ విరిగి సముద్రంలో పడుతుందంటగా, అది దగ్గర నుంచి చూడనిస్తారా?" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అలాస్కా తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు.

జూలైలో సియాటిల్ నుంచి సియాటిల్‌కి ఏడు రాత్రుల క్రూజ్ ఒకటి చూశాను. అలాస్కాలో కెచికాన్, జునో, స్కాగ్‌వే, ఆఖరి రాత్రి కెనడాలోని విక్టోరియా. ఆ విక్టోరియా చూస్తే రాత్రి 8 నుంచి 11.30 వరకే. ఆ వేళప్పుడు పెద్దవాళ్లను దించి ఏం చూపిస్తాం? విక్టోరియా లేని రూట్ ఏదైనా ఉందా? మిగతా పోర్టుల్లో మీరు వద్దనేవి ఏమిటి? మేమిద్దరం హెచ్1బీ, పాప ఇక్కడే పుట్టింది, అమ్మానాన్నలకి పదేళ్ల విజిటర్ వీసా ఉంది.

కూకట్‌పల్లి కిరణ్ (శాన్ హోసే)

మేము 2022లో ఇదే రూట్‌లో వెళ్లాం. విక్టోరియా గురించి అంత ఆలోచించకండి బ్రో. దిగకుండా షిప్‌లోనే ఉండిపోండి, పైన రెస్టారెంట్లన్నీ ఖాళీగా ఉంటాయి. దిగకపోతే కెనడా వీసా గొడవ కూడా ఉండదు కదా.

తెనాలి పద్మ (బెల్‌వ్యూ)

బందరు తమ్ముడూ, పై జవాబులో ఆఖరి వాక్యం దయచేసి నమ్మకండి. మేము ఆ మాటే నమ్మి మా అత్తయ్యగారినీ మావయ్యగారినీ ఓడ ముందు దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చుకున్నాం.

అది 2023 జూన్. టికెట్లు బుక్ చేసిన ఏజెంటు, "సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతున్నారు, అమెరికా వీసా చాలు" అన్నాడు. సియాటిల్‌లో ఓడ ఎక్కే పియర్ 91లో చెక్-ఇన్ దగ్గర ఒక అమ్మాయి వాళ్ల పాస్‌పోర్టులు మొదటి పేజీ నుంచి చివరి దాకా రెండుసార్లు తిప్పింది. కెనడా వీసా ఏదని అడిగింది. విక్టోరియాలో కాలు కూడా పెట్టం, కావాలంటే రాసిస్తామన్నాం. ఓడ కెనడా పోర్టుకి వెళ్తోంది కాబట్టి దిగినా దిగకపోయినా భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి వీసా ఉండాల్సిందే అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, రూల్ అదే. గ్రీన్ కార్డు ఉంటే పాస్‌పోర్టుతో పాటు అది చూపిస్తే చాలు. హెచ్1బీ, విజిటర్ వీసా వాళ్లకి ఆ వెసులుబాటు లేదు. అంటే మీ ఇంట్లో పాపకి తప్ప మిగతా నలుగురికీ కెనడా వీసా కావాలి.

"పిల్లలు ఆశపడ్డారు, మీరు వెళ్లిరండి, మేము ఇంట్లో ఉంటాం" అని మావయ్యగారు అక్కడే నిలబడి అంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మెడలో కొత్త మఫ్లర్. అత్తయ్యగారి సంచిలో పిల్లల కోసం చేసిన సున్నుండలు. ఎవరమూ ఎక్కలేదు. డబ్బు వెనక్కి రాలేదు. దానికంటే, ఇంటికి వచ్చే దారి పొడవునా ఆయన "నా వల్లే కదా" అంటూ ఉండటం ఇప్పటికీ బాధే.

ఇక మీ అసలు ప్రశ్న. సియాటిల్ నుంచి సియాటిల్‌కి వెళ్లే పెద్ద ఓడల్లో కెనడా పోర్టు లేని రూట్ దొరకదు. 1886లో అమెరికా చేసిన ఒక చట్టం ప్రకారం వేరే దేశంలో రిజిస్టర్ అయిన ఓడ అమెరికా పోర్టులో ప్రయాణికుల్ని ఎక్కించుకుని, మధ్యలో విదేశీ పోర్టు ఒక్కటీ తాకకుండా, తిరిగి అక్కడే దించకూడదు. ఈ పెద్ద క్రూజ్ షిప్పులన్నీ దాదాపు బహామాస్, పనామా, బెర్ముడా లాంటి చోట్ల రిజిస్టర్ అయినవే. అందుకని చట్టం కోసం కెనడాలో ఓ మూడు గంటలు ఆగి వస్తాయి. ఆ అర్ధరాత్రి టైమింగ్ రహస్యం అదే, ఊరు చూపించడానికి కాదు. కోవిడ్ వల్ల 2021లో కెనడా తన పోర్టుల్లోకి క్రూజ్ షిప్పుల్ని రానివ్వకపోతే, అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఇంకో చట్టం చేస్తే గానీ అలాస్కా ఓడలు కదల్లేదు. అమెరికా జెండాతో తిరిగే చిన్న ఓడలు కొన్ని ఉన్నాయి, కానీ వాటి రేట్లు మనబోటి కుటుంబాలు భరించేవి కావు.

కాబట్టి ఎటూ కెనడా వీసా తీసుకోక తప్పదు. తీసుకున్నాక ఆ మూడు గంటల విక్టోరియా కోసం దాన్ని ఎందుకు వాడుకోవాలి? నేరుగా కెనడాలోని వాంకూవర్ నుంచి బయల్దేరండి. 2024లో మేము చేసింది ఇదే. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు సాధారణంగా వాంకూవర్ దీవికి పడమరగా, పసిఫిక్ మహాసముద్రంలోంచి వెళ్తాయి. అక్కడ అలలు గట్టిగా ఉంటాయి. వాంకూవర్ నుంచి వెళ్లేవి దీవికీ ఒడ్డుకీ మధ్య ఇన్‌సైడ్ ప్యాసేజ్‌లో వెళ్తాయి. ఓ రోజంతా రెండు పక్కలా దేవదారు కొండలే. బస్సెక్కితేనే కడుపులో తిప్పే అత్తయ్యగారు ఆ వారంలో ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు.

పోర్టుల్లో నేను గట్టిగా వద్దనేది ఒక్కటే. కెచికాన్ అని రాసి ఉంటే ఓడ ఏ డాక్‌లో ఆగుతుందో అడగండి. ఊరి మధ్యలో ఉన్న రేవు అయితే దిగగానే క్రీక్ స్ట్రీట్ అనే పాత వీధికి నడిచి వెళ్లొచ్చు. 2021 నుంచి కొన్ని ఓడలు ఊరికి సుమారు 11 కిలోమీటర్ల అవతల వార్డ్ కోవ్ అనే చోట ఆగుతున్నాయి. ఒకప్పుడు కాగితపు గుజ్జు మిల్లు ఉన్న స్థలం అది. ఊళ్లోకి ఫ్రీ బస్సులు ఉంటాయి, నిజమే. కానీ ఓడ దిగిన వేలమంది ఒకేసారి ఆ బస్సుల కోసమే నిలబడతారు. మేము వెళ్లిన రోజు వాన. కెచికాన్‌లో వాన లేని రోజు తక్కువ. మావయ్యగారు చేతికర్రతో నలభై నిమిషాలు నిలబడ్డారు, తిరిగి వచ్చేటప్పుడూ అంతే. పోర్టులో ఇచ్చిన ఆరు గంటల్లో ఊళ్లో గడిపింది రెండు గంటలు. మీ నాన్నగారి మోకాలికి ఇది మంచిది కాదు.

జునోలో కూడా ఏజే డాక్ అని ఊరికి దూరంగా ఒకటుంది, అక్కడి నుంచి షటిల్ బస్సు ఎక్కాలి. కానీ జునోని దాని కోసం వదులుకోకండి. మెండెన్‌హాల్ గ్లేసియర్ (హిమానీనదం) దగ్గరికి బస్సులు ఉన్నాయి, విజిటర్ సెంటర్ దగ్గర పెద్దగా నడవకుండానే కనిపిస్తుంది.

స్కాగ్‌వేలో వైట్ పాస్ రైలు తప్పకుండా ఎక్కించండి. బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన చిన్న గేజ్ రైలు. సముద్ర మట్టం నుంచి 2,865 అడుగుల ఎత్తుకి ఎక్కుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, నడిచే పని లేదు. మావయ్యగారు అరకు రైలుతో పోలుస్తూ సొరంగాలు లెక్కపెడుతూ కూర్చున్నారు, రెండే వచ్చాయని చిన్నబోయారు.

అన్నిటికంటే ముఖ్యం, మీ నాన్నగారు అడిగింది పోర్టులో దొరకదు. మంచు విరిగి పడటం ఓడ మీద నుంచే చూడగలిగే గ్లేసియర్ బే ఉన్న రూట్ వెతకండి. అది నేషనల్ పార్క్. రోజుకి రెండు పెద్ద క్రూజ్ షిప్పుల్నే లోపలికి రానిస్తారు, అందుకని అన్ని కంపెనీలకీ దొరకదు. ఎవరూ దిగక్కర్లేదు. పార్క్ రేంజర్లే ఓడెక్కి వచ్చి మైకులో చెబుతారు. మీరు చూసిన రూట్‌లో ఇది లేదు, గమనించారా? పోర్టు ఒకటి తగ్గినా ఫరవాలేదు, ఇది మాత్రం ఉండాలి.

గుంటూరు మిర్చి (హ్యూస్టన్)

పద్మ గారు అంతా చెప్పేశారు. కెనడా వీసా టైముకి రాకపోతే ఏం చేయాలో నేను చెబుతాను. ఆస్టిన్ నుంచి మీకు గాల్వెస్టన్ కారులో నాలుగు గంటలు. అక్కడి నుంచి మెక్సికో వెళ్లే క్రూజ్‌లు ఉన్నాయి, అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. కోజుమెల్ పెద్దవాళ్లకి బాగుంటుంది, ఓడ పక్కనే దిగుతారు. కానీ గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ ఉన్న రూట్ తీసుకోకండి. ఆ రెండు చోట్లా ఓడ ఒడ్డుకి రాదు. నీళ్ల మధ్యలో ఆగుతుంది, చిన్న పడవల్లోకి దిగి వెళ్లాలి. పడవ పైకీ కిందకీ ఊగుతుంటే మా అమ్మ అడుగు వేయలేక వెనక్కి తిరిగింది. అలలు ఎక్కువైతే ఆ స్టాప్ మొత్తం రద్దు చేస్తారు. వీటిని టెండర్ పోర్టులంటారు. బుక్ చేసే పేజీలో ఆ మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చూడండి.

మెక్సికోలోనే ఉన్న ప్రొగ్రెసో పోర్టు గురించి కూడా జాగ్రత్త. అక్కడి రేవు సముద్రంలోకి ఆరున్నర కిలోమీటర్లు ఉంటుంది, నడిచే ప్రశ్నే లేదు, బస్సులోనే బయటికి తీసుకొస్తారు.

కూకట్‌పల్లి కిరణ్ (శాన్ హోసే)

పద్మ గారూ, సారీ అండి. మాకు గ్రీన్ కార్డులు ఉన్నాయి, చెక్-ఇన్‌లో అవి చూపించాం, అంతటితో అయిపోయింది. అందరికీ అంతేననుకున్నాను. నా పోస్ట్ ఎడిట్ చేయలేకపోతున్నాను, ఎవరైనా అది చదివితే కింద పద్మ గారిది కూడా చదవండి.

బందరు అబ్బాయి (ఆస్టిన్)

పద్మక్కా, మీరు రాసింది నా భార్యకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. సియాటిల్ రూట్‌కి రేపు డిపాజిట్ కట్టేవాళ్లం.

ఇప్పుడు ప్లాన్ మార్చాం. అమ్మానాన్నల కెనడా వీసా వాళ్లు ఇండియాలో ఉండగానే అప్లై చేస్తున్నాను. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్లాలి, పిన్ని వాళ్లింట్లో రెండు రోజులు ఉండి వస్తారు. వీసా చేతికొచ్చాకే టికెట్లు. రెండు ప్రశ్నలు మిగిలాయి. గ్లేసియర్ బేలో ఓడకి ఏ వైపు గది తీసుకోవాలి? మేము హెచ్1బీ మీద వాంకూవర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

తెనాలి పద్మ (బెల్‌వ్యూ)

రెండోది ముందు చెబుతాను. మీ పాస్‌పోర్టుల్లో హెచ్1బీ స్టాంపింగ్ ఏ తేదీ వరకు ఉందో ఈ రాత్రే చూడండి. గడువు అయిపోయి ఉంటే మీ కంపెనీ లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు. అమ్మానాన్నల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీనో కాదో కూడా చూడండి. పాపకి పాస్‌పోర్టు చేయించి ఉంచండి.

గది ఏ వైపైనా ఒకటే. మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ చాలాసేపు ఆగుతుంది, మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది, రెండు వైపులవాళ్లకీ కనిపిస్తుంది. కానీ ఆ గంట గదిలో ఉండకండి. పైన ముందు డెక్‌కి పొద్దున్నే వెళ్లి నాన్నగారికి కుర్చీ పట్టుకోండి, అమ్మగారికి చెవులు మూసే టోపీ, శాలువా. ఫ్లాస్కులో కాఫీ. మంచు విరగడం ముందు కళ్లకి కనబడుతుంది, చప్పుడు ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా వస్తుంది, ఉరుములా. మావయ్యగారు మొదటిసారి చప్పుడు విని అటు తిరిగేసరికి అంతా అయిపోయింది. తర్వాత అరగంట కన్ను ఆర్పకుండా కూర్చున్నారు, రెండోది పూర్తిగా చూశారు. ముందే ఈ సంగతి మీ నాన్నగారికి చెప్పి ఉంచండి.